రోలర్ మామయ్య తిరిగిన ఒక్క చుట్టు

ఈ ఊళ్ళో ఆయనంత వేగంగా మోటారుసైకిలు నడిపినవాడు ఇంకొకడు లేడు. గంటకు రెండు వందల ఎనభై కిలోమీటర్లు ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. అంత వేగంలో ఉండగానే పక్కకు వంగి కంప్యూటరు తెర చూస్తాడు, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటాడు, గాజు కిటికీ అవతల నిలబడ్డవాళ్ళకి టీ చెప్పమని సైగ చేస్తాడు. ఒక్కటే లోపం. ఇన్నేళ్ళలో ఆ బండ్లలో ఒక్కటి కూడా ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు.

ఆయన పనే అలాంటిది. నేలలో గొయ్యి తవ్వి దింపిన పెద్ద ఇనుప రోలరు ఒకటుంది, దాన్ని డైనో అంటారు. రేసు బండి వెనక చక్రాన్ని ఆ రోలరు మీద నిలబెట్టి, ముందు చక్రాన్ని బిగింపులో ఇరికించి, బండిని నాలుగు వైపులా పట్టీలతో కట్టేస్తారు. పైన కూర్చుని థ్రాటిల్ తిప్పితే చక్రం రోలరును తిప్పుతుంది. ఇంజను ఎక్కడ ఎంత బలం చూపిస్తుందో కంప్యూటరు గీతగా గీసి పెడుతుంది. ఆ గీతలో గుంటలుంటే ఎక్కడ పెట్రోలు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, స్పార్కు ఎంత ముందు పడాలో చూసి సరిచేయడం ఆయన విద్య. ఆ విద్యలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. ఎగుడుదిగుడు గీతతో వచ్చిన బండి సాయంత్రానికి వెన్న రాసినట్టున్న గీతతో వెళ్ళేది.

ఇంతటి మొనగాడూ పొద్దున్నే పనికి వచ్చేది భార్య స్కూటరు వెనక సీటు మీద, ఒళ్ళో భోజనం క్యారేజీ పెట్టుకుని. ఆవిడ మలుపు తిరిగినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, ఆయనే దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు.

వయసులో ఉండగా బావగారు, అంటే అక్క భర్త, బండి నేర్పుదామని చూశాడట. తిన్నగా బ్రహ్మాండంగా పోయాడు. మలుపు వచ్చింది. వీధి తిరిగింది, ఈయన తిరగలేదు. తెరిచి ఉన్న ఎవరిదో గేట్లోంచి లోపలికి వెళ్ళి, వాకిట్లో పేపరు చదువుకుంటున్న పెద్దాయన మోకాళ్ళ ముందు ఆగాడు. ఆ పెద్దాయన పేపరు దించి, "ఎవరు కావాలి బాబూ?" అన్నాడు. "ఎవరూ వద్దండీ, వెళ్తానండీ" అని ఈయన బండి తోసుకుంటూ బయటికి వచ్చాడు. మళ్ళీ ఎక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, మనం ఇంట్లోనే ఉండిపోయాం అంటాడు. అందరూ నవ్వుతారు.

నవ్వించడం ఆయనకు అలవాటు. ఎదుటివాడు నవ్వేలోపు తనే తన మీద నవ్వేసుకుంటే ఇక ఎవరికీ ఏమీ మిగలదని ఆయన లెక్క. ఆ లెక్క బాగానే పనిచేసింది. భార్య మాత్రం అప్పుడప్పుడు విసుక్కునేది. "మీతో పోట్లాడటానికి కూడా ఉండదండీ. నేను తిట్టేలోపు మీరే తిట్టేసుకుని కూర్చుంటారు. ఇక నేనేం చెయ్యను?" అనేది. ఆ మాటనూ దుకాణంలో చెప్పి నవ్వించాడు.

దుకాణం పక్క గది దర్జీ ఆవిడది. రెండు గదులకూ మధ్య ఒకటే గోడ. మామయ్య తన వైపు గోడకు స్పాంజి పలకలు అంటించాడు, పొగ గొట్టాన్ని వెనక సందులోకి తీశాడు, అయినా ఒక్క చప్పుడు ఆగలేదు. ఇంజనును పైదాకా అరిపించి థ్రాటిల్ మూసేయగానే, మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలో పేలి ఢమఢమమంటుంది. ఒకరోజు దర్జీ ఆవిడ ఒక చొక్కా పట్టుకుని వచ్చింది. చప్పుడుకి ఉలిక్కిపడి చేతి చివర మూసి కుట్టేసిందట. ఇందులోంచి చెయ్యి బయటికి ఎలా వస్తుందో మీరే చెప్పండి అని నెమ్మదిగానే అడిగింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఒక ఉపాయం చేశాడు. థ్రాటిల్ మూసిన మరుక్షణం ఇంజనుకు పెట్రోలు పూర్తిగా ఆగిపోయేలా బండిలోని కంప్యూటర్లో రాసేశాడు. పెట్రోలు లేదు, పేలుడు లేదు. గోడ అవతల కుట్టుమిషను నిశ్చింతగా సాగింది. రోలరెక్కిన ప్రతి బండికీ ముందు ఆ పని చేసేవాడు, తర్వాత అది అలాగే ఉండిపోయేది. తీసుకెళ్ళినవాళ్ళలో కొందరు, మామయ్య చెయ్యి పడ్డాక బండికి కాస్త కోపం వచ్చిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆయన కూడా దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

ఆయన్ని మొదట మామయ్యా అని పిలిచింది అక్క కూతురు. ఆ పిల్ల స్కూలు నుంచి తిన్నగా దుకాణానికి వచ్చి గాజు కిటికీకి ముక్కు ఆనించి నిలబడేది. ఆమె పిలుపు విని రేసు కుర్రాళ్ళంతా మామయ్యా అనడం మొదలుపెట్టారు, ఆ పిలుపు ముందు రోలరు తర్వాత వచ్చి చేరింది. పిల్ల పెద్దదై రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగానికి కుదిరింది. సూది గుచ్చినట్టే తెలియదని ఆమె చేతికి పేరు. చిన్నపిల్లల్ని తీసుకొచ్చే తల్లులు ఆ అమ్మాయే కావాలని కూర్చునేవాళ్ళు. సెలవు రోజుల్లో అదే చేత్తో రేసు బండి నడిపేది, మామయ్య సరిచేసిన బండి.

ఆ ఏడు ఒక మంచి టీములో ఒక్క సీటు ఖాళీ అయింది. పోటీకి ఇద్దరు మిగిలారు, ఈ అమ్మాయి, ఇంకో కుర్రాడు. చివరి పరీక్ష ట్రాకు మీద, టీము మేనేజరు ఎదుట. అది గెలిస్తే బండి టీముదే, ప్రయాణాలు టీమువే, ఏడాది పొడుగునా రేసులే. ఓడితే ఇంత దాకా వచ్చే అవకాశం మళ్ళీ ఎప్పటికో.

పరీక్షకు ముందు ఆమె బండి మామయ్య రోలరెక్కింది. గీత అద్భుతంగా వచ్చింది. ఆమె దాన్ని ట్రాకు మీద నడిపి చూసి, సాయంత్రం దుకాణానికి వచ్చింది. మలుపు మధ్యలో బండి ఉలిక్కిపడుతోందని చెప్పింది. థ్రాటిల్ మూసి మలుపులోకి వెళ్ళి, మళ్ళీ కొంచెం తెరవగానే ముందు ఏమీ రాదట, ఆ తర్వాత ఒక్కసారిగా తోస్తుందట. ఆయన బండిని మళ్ళీ రోలరెక్కించాడు. అడుగు నుంచి పైదాకా అరిపించాడు. గీత చూపించి, ఇందులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. ఆమె చూపించలేకపోయింది. కిటికీ దగ్గర ఇద్దరు ముగ్గురు కస్టమర్లున్నారు. ఆయనకు ఊరికే ఉండబుద్ధి కాలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికొకావిడ. గీతలో లేనిది బండిలో ఎలా ఉంటుందే తల్లీ? నీ చేతిలో ఉందేమో చూసుకో."

కస్టమర్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అక్కడితో సరే అనుకున్నాడాయన.

ఆమె మాత్రం సరే అనుకోలేదు. చెయ్యి చూసుకోవడం మొదలుపెట్టింది. గ్లవుజులు మార్చింది. మణికట్టు కోణం మార్చింది. ట్రాకు దగ్గర ఎవరో చెప్పారని ఇంట్లో చీపురు కర్రకు థ్రాటిల్ పిడి తగిలించుకుని వెంట్రుకవాసి చొప్పున తిప్పడం సాధన చేసింది. ట్రాకు మీద మాత్రం ప్రతిసారీ అదే మలుపులో అదే దెబ్బ. రెండోసారి చెప్పింది, మూడోసారి చెప్పింది. ప్రతిసారీ ఆయన గీత చూపించాడు, ఏదో ఒకటి అని నవ్వించాడు. నాలుగోసారి చెప్పడం మానేసింది. చెప్పడం మానేసిందంటే నయమైపోయిందని ఆయన అనుకున్నాడు. ఇంజన్లయినా నొప్పి ఉంటే చప్పుడు చేసి చెబుతాయి. మనుషులు అలా కాదని ఇంత వయసు వచ్చిన మనిషికి తట్టలేదు.

తట్టింది భార్యకు. ఆవిడ ఏదో పరీక్షకు ల్యాబుకు వెళితే, మేనకోడలు సూది పక్కవాళ్ళ చేతికిచ్చి తను కాగితాలు రాస్తూ కూర్చుందట. ఎందుకమ్మా అంటే, ఈమధ్య నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదత్తయ్యా, ఎవరికైనా నొప్పి కలుగుతుందేమో అందట. భార్య ఆ మాట స్కూటరు మీద వస్తూ చెప్పింది. ఆయన వెనక సీట్లో క్యారేజీ పట్టుకుని ఒక జోకు కోసం చూశాడు. ఇల్లు వచ్చేసింది.

పరీక్షకు ముందురోజు ఆఖరి సాధన. మామయ్య ల్యాప్‌టాపుతో ట్రాకుకు వెళ్ళాడు, భార్య తీసుకెళ్ళింది. మేనకోడలు కాసేపు తిరిగి షెడ్డులోకి వచ్చి హెల్మెట్ తీసింది. ముఖంలో రక్తం లేదు. మేనేజరుకు చెప్పేస్తాను, రేపు నేను దిగను అంది. ఆయన ల్యాప్‌టాపు తెరిచి గీత తీయబోయాడు. ఆమె దాని మూత వేసేసింది.

"గీత వద్దు మామయ్యా. ఒక్క చుట్టు నువ్వు తిరిగి రా. వచ్చి బండిలో ఏమీ లేదని చెప్పు. నా చేతిదే తప్పని ఒప్పేసుకుని ఇంటికెళ్ళిపోతాను."

షెడ్డులో అందరూ ఆగి చూశారు. ఆయన సంగతి తెలియనివాళ్ళెవరూ లేరక్కడ. పేపరు చదివే పెద్దాయన ఎవరైనా ట్రాకు మీద ఉన్నారేమో కనుక్కోండి అన్నాడు మామయ్య. నవ్వారు. తాళం చెవితో చాచిన చేతిని ఆమె వెనక్కి తీసుకోలేదు. భార్య వైపు చూస్తే ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది.

ఎవరో సన్నపాటి కుర్రాడి తోలు సూటు తెచ్చారు. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. జిప్పు పొట్ట దగ్గర ఆగి ఇక పైకి రానంది. అలాగే ఎక్కి కూర్చున్నాడు. అలవాటు చొప్పున రెండు పక్కలా పట్టీల కోసం వెతికాడు. పట్టీలు లేవు. నిజంగా ఏమీ కట్టలేదన్న సంగతి అప్పుడు ఒంటికి తెలిసింది.

బయల్దేరడం మాత్రం రాజాలాగే బయల్దేరాడు. క్లచ్చూ గేరూ ఆయన చేతిలో పెరిగిన పిల్లలు. ఆ తర్వాతదే దరిద్రం. గాలిలా దూసుకుపోయే బండి మీద నడకకు కాస్త ఎక్కువగా పోతున్నాడు. ట్రాకు ఊడ్చే మనిషి చీపురు వెనక కట్టుకుని అంచు వెంబడి సైకిలు మీద వస్తున్నాడు. గంట కొట్టి మరీ దాటిపోయాడు.

మొదటి మలుపు వచ్చింది. ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని థ్రాటిల్ మూశాడు. బండి మూగబోయి దొర్లింది. వంగింది, ఆయన కళ్ళు మూసుకోలేదు, అదే గొప్ప. ఇక పడిపోతుందనిపించి వెంట్రుకవాసి తెరిచాడు. ఏమీ రాలేదు. ఇంకొంచెం తెరిచాడు. అప్పుడు ఎవరో వెనక నుంచి వీపు మీద చరిచినట్టు బండి ముందుకు దూకింది. ముందు చక్రం తేలికై, మలుపు వదిలేసి గడ్డి వైపు పరుగెత్తింది. ఎలా నిలబెట్టుకున్నాడో ఆయనకు తెలియదు.

రెండో మలుపులోనూ అంతే. మూడో మలుపులో భయపడుతూనే విన్నాడు. వినడం ఆయన వృత్తి. థ్రాటిల్ మూయగానే ఇంజను నీరసించడం లేదు, పూర్తిగా చస్తోంది. తెరవగానే మెల్లగా లేవడం లేదు, చచ్చినది ఒక్క ఉదుటున లేచి కూర్చుంటోంది. పెట్రోలు పూర్తిగా ఆగి, పూర్తిగా తిరిగొస్తోంది. ఎవరు ఆపమన్నారు దాన్ని? ఆయనే. దర్జీ ఆవిడ చొక్కా చేతుల కోసం.

రోలరు మీద ఇదెందుకు కనపడలేదో కూడా అక్కడే తెలిసింది. గదిలో ఆయన థ్రాటిల్ పూర్తిగా తెరుస్తాడు, ఇంజను పైదాకా వెళ్ళాక క్లచ్ నొక్కి పూర్తిగా మూసేస్తాడు. మూసి మళ్ళీ కొంచెం తెరవాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఒక్కసారి రాలేదు. గదిలో మలుపులు ఉండవు కదా. ధైర్యవంతులు ఆ వెంట్రుకవాసి చోటును రెప్పపాటులో దాటేస్తారు, పిరికివాడు కాబట్టి ఆయన చుట్టంతా అక్కడే కాపురం పెట్టాడు. తన పిరికితనానికి ఇన్నాళ్ళకు ఒక ఉద్యోగం దొరికిందని నవ్వు కూడా వచ్చింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. మేనకోడలికి ఆ చోటు వచ్చేది ఇలా సైకిళ్ళు దాటిపోయే వేగంలో కాదు. బండి పక్కకు వాలి, మోకాలు నేలకు రాసుకుంటూ, అవతల ఇనుప కంచె పరుగెత్తి వస్తుండగా. అక్కడ వీపు మీద ఈ దెబ్బ. ఒకసారి కాదు, రోజూ, ప్రతి చుట్టులో. దాన్నే ఆ పిల్ల వచ్చి మర్యాదగా ఉలిక్కిపడుతోంది మామయ్యా అని చెప్పింది. తన దాకా వస్తే గానీ తెలియదంటారే, ఆ బాపతు మనిషి తనేనని సిగ్గుపడ్డాడు.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు షెడ్డుకు చేరాడు. ఇద్దరు పట్టుకుని బండి దింపారు. మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె అందరికన్నా వెనక ఉంది, రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని. ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది.

"ఆడేదానికి ఆట వచ్చు. మద్దెలే ఓడు. ఆ మద్దెల చేసిన మహానుభావుణ్ణి మాత్రం చూడండి, జిప్పు కూడా పట్టని వీరుడు."

షెడ్డంతా గొల్లుమంది. మేనేజరు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. దగ్గరికి వచ్చి నిలబడింది.

"నవ్వించకు మామయ్యా. మామూలుగా చెప్పు."

మామూలుగా చెప్పడం ఆయనకు కొత్త. ఇంత వయసులో ఆ దారిన నడిచి ఎరగడు. మలుపు ముందు నిలబడ్డట్టే ఉంది. అందరూ చూస్తున్నారు, చేతుల్లో పట్టుకోవడానికి ఏమీ లేదు.

"నీ చెయ్యి మంచిది," అన్నాడు. "మొదటి రోజు నువ్వు చెప్పిందే నిజం. తప్పు నేను చేశాను. నువ్వు చెబుతుంటే నేను వినలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆమె తల ఊపింది. చంకల కింద నుంచి చేతులు తీసి గ్లవుజులు వెతుక్కుంది. ఆయన ల్యాప్‌టాపు తెరిచాడు. పెట్రోలు పూర్తిగా ఆగకుండా, తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చేలా రాశాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆమె వెళ్ళి రెండు చుట్లు తిరిగి వచ్చింది. దెబ్బ పోయింది మామయ్యా అంది. కానీ ఆ మలుపు వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆగుతోందని కూడా చెప్పింది. దెబ్బ కోసం కాచుకోవడం దానికి అలవాటైపోయిందట. బండిలోంచి తీసినట్టు అది తీయడానికి ఆయన ల్యాప్‌టాపులో ఏమీ లేదు.

మర్నాడు పరీక్షలో ఆయన షెడ్డులో కూర్చోలేదు, ఆ మలుపు పక్క కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడి నుంచి టైములు కనపడవు, చప్పుడు మాత్రం వినపడుతుంది. మేనకోడలి బండి వచ్చింది. థ్రాటిల్ మూసుకుంది, గొట్టంలో చిన్నగా పేలింది, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇంజను మళ్ళీ లేవాల్సిన చోట లేవలేదు. కాస్త ఆగి లేచింది. ఆ ఆగడం ఆమె చెయ్యి. ఆ చేతికి అది నేర్పింది ఎవరో కంచె పట్టుకుని నిలబడ్డ మనిషికి బాగా తెలుసు. రెండో చుట్టులోనూ ఆగింది. ఆ తర్వాత కాస్త తక్కువగా ఆగింది. ఆయన ప్రతి చుట్టుకూ ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం ముందు తెరువు తల్లీ అని లోపల లోపల బతిమాలుకున్నాడు. ఆఖరి చుట్టు వచ్చింది. మూసుకుంది, పేలింది, వెంటనే లేచింది. మధ్యలో ఏమీ లేదు. బండి మలుపు దాటి తిన్నని దారిలో ఆయన ఎన్నడూ బయట వినని గొంతుతో అరుస్తూ పోయింది.

ఆ ఆఖరి చుట్టు ఆ రోజు ఇద్దరి చుట్లన్నిటిలోకీ వేగమైనది. కానీ మేనేజరు అన్ని చుట్లూ కలిపి చూశాడు. సీటు ఆ కుర్రాడికి వెళ్ళింది. ఎవరైనా దెబ్బ తగిలి ఆగిపోతే పిలుస్తామని ఆమెకు చెప్పారు.

భార్య స్కూటరు తీయడానికి వెళ్ళింది. ఆయన ట్రాకు గేటు దగ్గర మేనకోడలి పక్కన నిలబడ్డాడు. ఆమె హెల్మెట్ ఒక చేతిలో వేలాడేసుకుని ట్రాకు వైపు చూసింది. తర్వాత కోపం లేకుండానే చెప్పింది.

"ఆ మొదటి చుట్లు నీవి మామయ్యా. ఆఖరిది నాది."

ఆయన ఒక జోకు కోసం వెతికాడు, అలవాటు కదా. దొరికింది కూడా, నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"అవును," అన్నాడు.